ఒక్క పువ్వు, పది మొగ్గలు

వనపర్తి బస్టాండుల బస్సు ఆగినప్పుడు ఫోను మోగింది. నాగర్‌కర్నూల్ల నర్సింగు చదివే మా బిడ్డకు జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టుకొని పోతున్న. ఫోను చేసింది మా పక్కింటి పెద్దమ్మ కోడలు.

"అక్కా, అత్త పోయింది."

ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు ఆమెది. వెనుక ఎవరో ఇనుప కుర్చీలు దించుతున్న చప్పుడు వినపడుతున్నది.

"నిన్న మంచిగనే తిన్నది. తెల్లారి చాయ పెట్టి పిలిస్తె లేవలే. మూడు గంటలకు మట్టి చేస్తమంటున్రు. పాస్టరుగారికి సాయంత్రం ఇంకో ఊర్ల ప్రార్థన ఉన్నదంట. అందుతవా నువ్వు?"

"అందుత. నేనొచ్చేదాక పెట్టె మూయకుండ్రి" అన్న.

అప్పటికే పదకొండు దాటింది. రొట్టెల సంచి కండక్టరు చేతిల పెట్టి, "అన్నా, మా బిడ్డ నాగర్‌కర్నూల్ బస్టాండుల నిలబడి ఉంటది, జర ఇయ్యవా" అని బతిమాలి దిగిన. గద్వాల బస్సు ఎప్పుడని అడిగితే ఎంక్వైరీ కిటికీల కూసున్నాయన "వస్తదమ్మా" అన్నడు. ఎప్పుడని మాత్రం చెప్పలే. ఆమె మొకం చూడకుండ మట్టిల పెడ్తరేమోనని ఒక భయం. దానికన్న పెద్దది ఇంకోటి ఉన్నది. పన్నెండేండ్ల కింద నేను పెద్దమ్మకు ఒక అబద్ధం చెప్పిన. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంట దాన్ని సరిచెయ్యనే లేదు.

చదివేటోళ్లకు పెద్దమ్మ ఎవరో చెప్పాలె. మాకు రక్తసంబంధం ఏం లేదు. నాకు గుడి, ఆమెకు చర్చి. మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ఆమె కూలికి పోయే మనిషి, పన్నెండు మంది ఆడోళ్ల ముఠాకు పెద్ద. పొద్దున్నే రోడ్డు మీద నిలబడి ఒక్క కేకేస్తె వీధి మొత్తం కొంగులు బిగించేది. మెచ్చుకునుడు ఆమె నోట్ల లేదు. ఆకు వక్క నములుకుంట, తప్పు చేసినోళ్లను మాత్రం ఏడు వీధులు వినపడేటట్టు కడిగేసేది.

ఆమెకు ఒక అలవాటు ఉండె. ఇంట్ల ఏదన్న లేదంటే అంగడికి పోయేముందు, పక్కింటికి పోయేముందు, వట్టి చేతులతోని ఇల్లంత ఒకసారి తిరిగేది. డబ్బలన్ని మూతలు తీసి చూసేది. మేం పుణెకెల్లి వచ్చిన కొత్తల, రెండు టమాటలు ఉంటె ఇయ్యమని నేను ఆమె గడప కాడ నిలబడ్డ. టమాటలు ఇయ్యలే. నా రెక్క పట్టుకొని మల్ల నా ఇంట్లకే తోలుకొచ్చింది. ఎండబెట్టిన చింతచిగురు ఒక డబ్బల, ఉల్లిగడ్డలు బుట్టల, నిన్నటి జొన్న రొట్టెలు గుడ్డల, పెరట్ల ఎవ్వరు విత్తకుండనే మొలిచిన పుంటికూర. ఒక్కొక్కటి నా ముందల పెట్టుకుంట, "ఇంత పెట్టుకొని టమాట లేదని ఏడుస్తున్నవా పిల్లా? ముందు ఉన్నది చూడు. చూసినంక కూడా ఏడుపొస్తె అప్పుడు ఏడువు" అన్నది. నాకు ఒళ్లు మండింది. రెండు టమాటలకు ఇంత పాఠమా అనుకున్న. ఆ దినం రొట్టెలు నలిపి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టి తింటె మా ఆయన ఇంకొంచెం పెట్టమన్నడు.

అన్నం ముందల కూసుంటె ఆమె ప్రార్థన ఒక్క ముక్కనే. "తండ్రీ, ఉన్నదానికి స్తోత్రం." అంతే, ముద్ద నోట్లకు పోయేది.

ఇది రాస్తుంటె నాకే భయమైతది, ఉన్నదానితోని సర్దుకపోయే మెత్తటి ముసలామె అనుకుంటరేమోనని. కాదు. ఒక సారి ఒక రైతు పని మొత్తం అయినంక కూలి తగ్గించి ఇయ్యబోతె ఆయన వాకిట్ల నడుమ చతికిలబడి కూసున్నది. "మా రెక్కలు మాకున్నయి, అందుకే పూరా అడుగుతున్న" అన్నది. పూరా తీసుకున్నంకనే లేచింది. ఉన్నది చూడుమంటె తక్కువకు ఒప్పుకొమ్మని కాదు ఆమె లెక్కల. నీ చేతుల ఏమున్నదో నీకే తెల్వకుంటె ఎవడైనా గుంజుకపోతడు అనేది.

బస్సు పన్నెండున్నరకు వచ్చింది. నిలబడే జాగ దొరికింది. కడ్డీ పట్టుకొని నిలబడితె అబద్ధం చెప్పిన ఆ పొద్దు మొత్తం కండ్ల ముందల తిరిగింది.

మేం పుణెల పెద్ద పెద్ద బిల్డింగుల కాడ ఇటుకలు, సిమెంటు మోసి తిరిగొచ్చినోళ్లం. మా బిడ్డకు ఏడేండ్లు, అప్పటికి ఒక్క అక్షరం రాదు. ఆ ఏడు మా ఆయన ఎకరం కౌలుకు తీసుకున్నడు, సీడు పత్తి పెట్టినం. బిడ్డను బడిల వేసినం. చేను పండితె ఊర్ల ఉంటం, పోతె కూలోళ్లను పట్నాలకు తోలుకపోయే గుంపు మేస్త్రి మల్ల బస్సెక్కిస్తడు. ఆయన అప్పటికే రెండు సార్లు మా ఇంటికాడికి వచ్చి "ఏమంటరు మల్ల?" అని అడిగిపోయిండు. నాకు నిద్రల కూడా ఆయన మాటనే వినపడుతుండె.

సీడు పత్తి అంటె దూది కోసం పెట్టేది కాదు, విత్తనం కోసం పెట్టేది. ఆడ చెట్లు ఒక దిక్కు, మగ చెట్లు ఒక దిక్కు పెడ్తరు. రేపు విచ్చే మొగ్గలను ఆడ చెట్టు మీద ఇయ్యాల పొద్దుగూకే ముందే గోటితోని గిల్లి, లోపలి పుప్పొడి తీసేస్తరు. గుర్తుకు ఎర్ర కాయితం తొడుగుతరు. తెల్లారినంక మగ పువ్వు తెంపుకొచ్చి ఆ గిల్లినదానికి రాస్తరు. దీన్నే మేం క్రాసింగంటం. ఎండ ముదిరేలోపల రాయాలె. రాయని పువ్వు మర్నాటికి ఎర్రబారి రాలుతది, దానికి ఇంకో దినం లేదు.

సరిగ్గ క్రాసింగు నడుమల మూడు దినాలు ముసురు పట్టింది. మూడు దినాల పూలు మట్టిల కలిసినయి. మూడో దినం పొద్దుగూకంగ వాన తెరిపిచ్చింది, ముఠా మొత్తం వచ్చి చేను నిండ మొగ్గలు గిల్లింది. నాలుగో పొద్దు ఎండ పొడిసింది. అమ్మయ్య అనుకొని చేన్లకు పోయి చూస్తె మగ చెట్లు పల్లంల ఉండె, వాటి కాళ్ల కింద నీళ్లు నిలబడ్డయి, ఆకులు వేలాడుతున్నయి. ఎప్పుడు నాలుగు గంపలు నిండే పూలు ఆ దినం ఒక్క గంప అడుగు కూడా కప్పలే. మా ఆయన పార పట్టుకొని గట్టు తెంపి నీళ్లు వదలనీకి ఉరికిండు.

నేను చేను దిక్కు చూసిన. ఎటు చూసిన ఎర్ర కాయితాలే. అన్నిటికి పువ్వు కావాలె, మా కాడ పువ్వు లేదు. గట్టు మీద కూలబడ్డ.

మా గట్టుకు అవుతల ఇంకో ఆయన చేను. ఆయన మగ చెట్లు మెరక మీద ఉండె, పూలు విరగబూసినయి. అయితె ఆయనది వేరే రకం. మా విత్తనంల ఆ రకం కలిసిందంటె అది కల్తీ. విత్తనం తీసుకున్నోళ్లు కొంచెం తీసి వేరే పెట్టి పెంచి చూస్తరు, కల్తీ తేలితె పంట మొత్తం పక్కకు పెడ్తరు. ఇది నాకు తెల్వక కాదు. పువ్వుకు పువ్వు ఒక్క తీరుగనే ఉన్నది, ఎవరికి తెలుస్తది అనుకున్న. ముఠా పై సాళ్లల్ల ఉన్న పూలతోని పని మొదలుపెట్టింది. నేను గట్టు దాటి, దొంగలెక్క వంగి, కొంగు నిండ తెంపుకొచ్చిన. గట్టు పక్క సాల్ల మొదలుపెట్టి గబగబ రాసుకుంట పోయిన. సగం సాలు అయ్యేసరికి వెనుక చప్పుడైంది.

పెద్దమ్మ. మోకాళ్ల దాక బురద.

"యాడియి ఆ పూలు?"

"మనయే పెద్దమ్మా. ఆ మూలకు ఉండె."

ఆమె నా కొంగులకెల్లి ఒక పువ్వు తీసి బొటనవేలి గోరు మీద రాసింది. మా పువ్వు రాస్తె గోరు మీద పసుపు పడ్తది. ఇది తెల్లగ పడ్డది. గోరు నా మొకం ముందల పెట్టింది. నేను తల వంచుకున్న. అరుస్తదనుకున్న, కొడ్తదనుకున్న. అరవలే. నా కొంగు పట్టుకొని పూలన్ని కాల్వల దులిపి కాలితోని తొక్కింది.

"ఎన్ని చెట్లకు రాసినవ్?"

నాకు పుణె బస్సు కనపడ్డది. బిడ్డ బడి సంచి కనపడ్డది. సగం సాలు అని చెప్తె సగం సాలు పూలు తెంపేస్తది. మూడు దినాలవి పోనే పోయినయి, ఇవి కూడనా?

"నాలుగు చెట్లకు" అన్న.

"నిజమేనా?"

"నిజం పెద్దమ్మా."

నా మొకంల మొకం పెట్టి చూసింది. "సరే, చూపియ్" అన్నది. నాలుగు చెట్లు చూపిచ్చిన. వాటి పూలు తెంపి పారేసింది. ఇంకో మాట అడగలే.

తర్వాత ముఠా దిక్కు తిరిగింది. "ఏమే, ఒక్క పువ్వు నాలుగు మొగ్గలకు రాసి పారేస్తున్రు కదా, ఇయ్యాల పారేస్తె చెయ్యి ఇరుస్త. గోరుకు పసుపు అంటినంతసేపు రాయుండ్రి. ఆరు మొగ్గలకు రాసినా పసుపు ఉంటె ఏడోదానికి పోండ్రి." అప్పటిదాక పారేసిన పూలను తనే సాళ్లల్ల వంగి ఏరుడు షురూ చేసింది. ఒకామె నవ్వింది. "పెద్దమ్మా, పారేసిన పువ్వులు ఏరుకునే కాలమొచ్చెనా?" అన్నది. "పారేసేటప్పుడు నీ కండ్లు ఎక్కడ పెట్టినవే?" అని పెద్దమ్మ. అందరు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే, ఏడుపు కూడ రాలే.

మల్ల పల్లంలకు దిగింది. నన్ను ఎంట తోలుకపోయింది. వాలిన మగ చెట్లను ఒక్కొక్కటి లేపి, ఆకుల కింద చెయ్యి పెట్టి వెతికింది. చలికి విచ్చని పూలు ఉండె, మేం పొద్దున వాటిని చూసి కూడ వదిలిపెట్టినయి. "ఇవి పూలు కావా? ఒడిల కట్టుకోండ్రి, ఒంటి వేడికి విచ్చుతయి" అన్నది. కడుపు కాడ కొంగుల చుట్టుకొని పని చేసినం. అరగంటకు చూస్తె నిజంగనే విచ్చుకున్నయి. నేను గోరు మీద రాసి చూసిన. పసుపు.

తొమ్మిదిన్నర. పది. ఎండ వీపు మీద చుర్రుమంటున్నది. ఎవ్వరు నీళ్లు తాగనీకి కూడ గట్టుకు పోలే. ఒక పువ్వు ఎనిమిది మొగ్గలకు రాసిన అని ఒకామె, నాది పదో మొగ్గ అని ఇంకొకామె. పోటీలు పెట్టుకున్నరు. పదకొండు దాటి జరసేపటికి కడ సాలు అయిపోయింది. పెద్దమ్మ గంప తెచ్చి నా ముందల పెట్టింది. గంపల ఇంకా ఆరు పూలు ఉన్నయి.

"చూడు, మిగిలినయి కూడ" అన్నది.

ఆ మాటకు నాకు సంతోషం రావాలె కదా? గుండెల రాయి పడ్డట్టయింది. మా చేన్ల ఉన్నదే సరిపోతుండె. మిగులుతుండె. నేను లేనిదానికి ఉరికి, పక్కాయన చేన్ల దొంగతనం చేసి, మా చేనుకే విషం పెట్టుకున్న. సగం సాలుల ఆ తెల్ల పుప్పొడి ఉన్నదని నాకొక్కదానికే తెలుసు. అప్పుడన్న చెప్పొచ్చు. చెప్పలే.

మరునాటికి చేన్ల నిన్నటి పూలు ఎర్రబారినయి. భయానికి నేను ఆ గట్టు పక్క సాలు దిక్కు పోనే లేదు. తర్వాత చెట్టు మీద ఏ కాయ ఏ నాటిదో ఎవరు గుర్తుపడ్తరు? నెల దినాల కాయలు కలిసిపోయినయి. పత్తి తీసినం, గింజ చేసినం, ఇచ్చినం. ఫలితం వచ్చేదాక నెలలు నేను సరిగ్గ తినలే. మా ఆయన పరేషాన్ అయి దవాఖానకు తోలుకపోతనన్నడు. రోడ్డు మీద మోటరుసైకిలు ఆగితె చాలు, అయిపోయింది, కల్తీ అని చెప్పనీకి వచ్చిండు అనుకునేదాన్ని. బిడ్డ బడిలకెల్లి వచ్చి కొత్త అక్షరం రాసి చూపిస్తె గుండె ఇంకా అదిరేది. నీ రాతలు నేనే కాల్చిన బిడ్డా అనుకునేదాన్ని.

విత్తనం పాసయింది. ఆ మాట విన్నంక నేను గోడకు ఒరిగి ఏడ్చిన. దేవుడు నా మొకం చూసి కాపాడిండనుకున్న. పెద్దమ్మ వచ్చి గడప కాడ నిలబడి, "ఇంక ఆ పిల్లను బడి మానిపియ్యకు" అని పోయింది. తర్వాత ఏడు కూడ కౌలు చేసినం, ఆ తర్వాత కూడ. గుంపు మేస్త్రి మా ఇంటికి రావుడు బంద్ చేసిండు. గిన్నేండ్లు గోడ అవుతల ఆమె, ఇవుతల నేను. ఒక కూర గిన్నె అటు పోతె ఇంకోటి ఇటు వచ్చేది. ఎన్ని సార్లు గోడ మీదికి తల పెట్టి "పెద్దమ్మా, ఒక మాట" అన్ననో. "ఏందే?" అనేది. "ఏం లేదు" అనేదాన్ని.

గద్వాలల దిగి ఆటో మాట్లాడుకొని ఊర్లకు పోయేసరికి మూడు కావొచ్చింది. వాకిట్ల పాట అయిపోయి ప్రార్థన నడుస్తున్నది. పెట్టె ఇంకా మూయలే. తెల్ల చీరల, నోరు గట్టిగ మూసుకొని, ఇంక ఎవ్వరిని తిట్టేది లేదన్నట్టు పండుకున్నది. నేను పాదాల కాడ కూలబడ్డ. ఎంత ఆపుకుందమన్న ఆగలే. పక్కన కూసున్న కోడలు చెయ్యి పట్టుకొని చెప్పేసిన. "చెల్లె, ఆ పొద్దు నాలుగు చెట్లు కాదు. సగం సాలు. మీ అత్తకు అబద్ధం చెప్పిన. సగం సాలు."

కోడలు నా దిక్కు చూసింది. ఆమె కండ్లల్ల ఆశ్చర్యం లేదు.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఆ దినం అందరు అన్నానికి పోయినంక అత్త నన్ను తోలుకపోయింది. గట్టు పక్క సాలు మొత్తం తెంపినం, ఈ కొసకెల్లి ఆ కొసకు. యాడిదాక రాసిందో తెల్వదు, మొత్తం తెంపుదం అన్నది. పురుగు పడ్డ పూలని అడిగినోళ్లకు చెప్పుమన్నది."

"మల్ల నన్నెందుకు అడగలే? ఎందుకు తిట్టలే? చిన్న తప్పుకే ఊరు వినేటట్టు తిట్టేది కదా!"

"నేను గూడ అడిగినక్కా. అందరి ముందల నిలదీస్తె సిగ్గుతోని ఊరిడిసి పోతదే, ఉండనియ్ అన్నది. నేను బతికున్నన్ని దినాలు నోరెత్తకు అని నాతోని ఒట్టేయించుకున్నది."

పెట్టె మూసిండ్రు. నేను అరుసుకుంట లేచిన, ఎవరో పట్టుకున్నరు. చెప్పనీకి ఇంకేం మిగల్లే నాకు. ఆమె చెవిల వేద్దామని గింత దూరం మోసుకొచ్చిన మాట, పన్నెండేండ్ల కిందనే ఆమె తెంపి పారేసింది. గుంత కాడ ముఠాల మిగిలిన ఆడోళ్లు ఒక్కొక్కరు పిడికెడు మన్ను వేసిండ్రు. నేను కూడ వేసిన.

ఇంటికొచ్చి, స్నానం కూడ చెయ్యకుండ గడప మీద కూసున్న. బిడ్డ ఫోను చేసి రొట్టెలు అందినయని చెప్పింది, పెద్దమ్మను తలుచుకొని ఏడ్చింది. పొద్దు వాలుతున్నది. మా వీధి మలుపుల గుంపు మేస్త్రి బండి కనపడ్డది, ఈ ఏటి గుంపు పోతున్నది. పైన బొంతలు, బియ్యం సంచులు, బిందెలు. సంచుల నడుమల ఇరుక్కొని కూసున్న ఒకామె, నా కన్న చిన్నదే, వెనక్కి తిరిగి ఇండ్ల దిక్కే చూస్తున్నది. నన్ను చూసి చెయ్యి లేపింది. నేను కూసున్నకాడ్నే కూసొని, మా గడప మీద, చెయ్యి లేపిన. బండి తారు రోడ్డు ఎక్కి కనపడకుండ పోయేదాక నా చెయ్యి అట్లనే ఉన్నది.